పొట్టివాడు గట్టివాడే... కానీ ఎలా?

"పొట్టివాడు గట్టివాడు" అని ఇంట్లో పెద్దవాళ్లు మెచ్చుకుంటారు. అదే కుర్రాడు హాకీ స్టిక్ పట్టుకుని సెలెక్షన్స్‌కి వెళ్తే మాట మారిపోతుంది. "ఆట బాగుంది భాయ్, బాడీ లేదు" అంటారు. హైదరాబాద్ పాతబస్తీలో ఏ మైదానంలో అడిగినా ఈ మాట పడ్డవాళ్లు ఇద్దరు ముగ్గురైనా దొరుకుతారు. హాకీ అయినా, ఫుట్‌బాల్ అయినా అంతే.

మీరు డిగ్రీ రెండో ఏడాదో, మూడో ఏడాదో చదువుతున్నారు. కాలేజీ జట్టులో ఆడుతున్నారు. ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు, బరువు 58 కిలోలు. ఒక పక్క నోటిఫికేషన్లు వస్తున్నాయి, ఇంట్లో "ఇంకెన్నాళ్లీ ఆటలు?" అంటున్నారు. ఈ శరీరంతో ప్రొఫెషనల్ ఆటలోకి దిగితే నిలబడతామా, రెండేళ్లు పోగొట్టుకుని మోకాలు పట్టుకుని వెనక్కి వస్తామా? ఇది ఉబుసుపోక వేసే ప్రశ్న కాదు. మీ జీవితంలో రెండు మూడేళ్ల లెక్క దీని మీదే ఉంది. అందుకే ధైర్యం నూరిపోసే మాటలు పక్కనపెట్టి, లెక్కగా మాట్లాడుకుందాం.

నా మాట ముందే చెప్పేస్తాను. చిన్న శరీరం ప్రొఫెషనల్ హాకీని తట్టుకుంటుంది. నీరసమైన శరీరం తట్టుకోదు. మన దగ్గర ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల పనికొచ్చే పిల్లలు ఇంటికి వెళ్లిపోతున్నారు. మిగిలినవాళ్లు తమలో లోపం ఎక్కడుందో తెలియకుండానే ఆడుతున్నారు.

ఆట ఏం అడుగుతుంది?

పాతబస్తీ తాలీంఖానాల పేట. పహిల్వాన్ అంటే ఎంత గౌరవమో ఇక్కడి గల్లీల్లో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఛాతీ, భుజాలు చూసి మనిషిని అంచనా వేసే అలవాటు అక్కడి నుంచే వచ్చింది. కానీ కుస్తీలోనూ బరువుల వారీగానే పోటీలు పెడతారు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల విభాగంలో, 2023లో 50 కిలోల విభాగంలో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయింది. రింగులో ఆమె ఎదుట నిలబడ్డది తన బరువు మనిషే. హాకీలో ఆ రక్షణ లేదు. 58 కిలోల మీరు, 85 కిలోల డిఫెండరు ఒకే బంతి కోసం పరుగెత్తాలి. కాబట్టి "బాడీ లేదు" అన్నవాళ్ల భయాన్ని కొట్టిపారేయలేం.

అయితే ఏ హాకీ గురించి మాట్లాడుతున్నామో చూసుకోవాలి. కెనడా, అమెరికాల్లో ఆడే ఐస్ హాకీలో ప్రత్యర్థిని శరీరంతో గుద్ది బంతిలాంటి ఆ పక్‌ను లాక్కోవడం నిబంధనలకు లోబడిన పనే. మన ఫీల్డ్ హాకీలో శరీరంతో నెట్టడం, అడ్డం పెట్టడం ఫౌల్. అయినా ఢీకొనడాలు జరుగుతాయి, చేతివేళ్ల మీద స్టిక్ దెబ్బలు పడతాయి, 156 నుంచి 163 గ్రాముల గట్టి బంతి మోకాలికి తగులుతుంది. ఇవన్నీ ప్రమాదాలే. ఆట నడిచేది మాత్రం వాటి మీద కాదు.

ఆట దేని మీద నడుస్తుంది? 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు మైదానం. 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో కృత్రిమ మైదానం వచ్చిన దగ్గర్నుంచి బంతి వేగం మారిపోయింది. అంతకుముందు గడ్డి మీద మణికట్టు పనితనంతో రాజ్యమేలిన మనవాళ్లు ఆ ఏడాది ఏడో స్థానంలో ఆగిపోయారు. తర్వాత ఆఫ్‌సైడ్ నిబంధన పోయింది, ఎన్నిసార్లయినా ఆటగాళ్లను మార్చుకునే వీలు వచ్చింది. దాంతో ఆట తీరే మారింది. కొన్ని నిమిషాలు ప్రాణం పెట్టి పరుగెత్తడం, బయటికొచ్చి ఊపిరి తీసుకోవడం, మళ్లీ లోపలికి వెళ్లి అదే వేగంతో పరుగెత్తడం. ఒకసారి వేగంగా పరుగెత్తేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. ముప్పయ్యోసారి కూడా మొదటిసారంత వేగంగా పరుగెత్తేవాడే ప్రొఫెషనల్.

దీనికి ఎత్తుతో పనేముంది? చాలా తక్కువ.

లెక్క వేసి చూద్దాం

ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్ ఒక్కసారి గుర్తు చేసుకోండి. 80 కిలోల ఆటగాడు సెకనుకు 6 మీటర్ల వేగంతో వస్తే అతని ద్రవ్యవేగం 480. మీరు 60 కిలోలుండి సెకనుకు 8 మీటర్ల వేగంతో వెళ్తే అదీ 480. ఢీకొంటే ఇద్దరి పట్టూ సమానమే. అంటే తక్కువ బరువును వేగంతో పూడ్చుకోవచ్చు. ఇక్కడే ఒక హెచ్చరిక కూడా ఉంది. ఇద్దరి వేగమూ ఒకటే అయితే మీరు ఓడిపోతారు. బరువులో వెనకబడ్డవాళ్లు వేగంలోనూ వెనకబడితే ఇక చేసేదేం లేదు.

ఇంకో కోణం చూడండి. ఒకే వేగంతో వస్తున్న 80 కిలోల మనిషిని ఆపి పక్కకు తిప్పాలంటే 60 కిలోల మనిషికి కావాల్సిన దానికంటే మూడోవంతు ఎక్కువ బలం కావాలి. హాకీలో నేరుగా పరుగెత్తడం కంటే ఆగడం, తిరగడం, మళ్లీ అందుకోవడం ఎక్కువ. పైగా స్టిక్ పొడవు 105 సెంటీమీటర్లు దాటకూడదు కాబట్టి ఎవరైనా నడుము వంచి, మోకాళ్లు వంచి ఆడాల్సిందే. ఆరడుగుల మనిషి గంటసేపు అలా వంగి పరుగెత్తడానికి పడే కష్టం మీకు ఉండదు. భూమికి దగ్గరగా ఉండటం ఇక్కడ ఆస్తి.

ఎండ సంగతి కూడా చెప్పుకోవాలి. శరీరం చిన్నదయ్యేకొద్దీ బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ. ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోవడం తేలికవుతుంది. ఏప్రిల్ నెల హైదరాబాద్‌లో మధ్యాహ్నం ఆడినవాళ్లకు దీని విలువ తెలుసు.

భారత శిబిరాల్లో వాడే యోయో పరీక్ష గురించి వినే ఉంటారు. 20 మీటర్లు వెళ్లి రావాలి, పది సెకన్ల విరామం, మళ్లీ వెళ్లాలి. బీప్ శబ్దానికీ శబ్దానికీ మధ్య సమయం తగ్గుతూ పోతుంది. అందుకోలేకపోతే అక్కడితో ఆగిపోయారన్నమాట. పొడవాటి వాళ్లకు అడుగు పెద్దది, పొట్టివాళ్లకు మలుపు తేలిక. చివరికి నిలిచేది గుండె, ఊపిరితిత్తులు, వాటికి మీరు ఇచ్చిన శిక్షణ. ఈ పరీక్షలో మీ ఎత్తు రాసుకునే గడి లేదు.

రహీం సాబ్ ఎప్పుడో తేల్చిన సంగతి

ఈ ప్రశ్నకు హైదరాబాద్‌లో డెబ్బయ్యేళ్ల కిందటే ఒకాయన జవాబు వెతికాడు. ఆట మాత్రం ఫుట్‌బాల్. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు పరిచయమే. 1909లో పుట్టిన ఈయన వృత్తిరీత్యా బడి పంతులు. దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పనిచేశారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ, భారత జట్టుకూ కోచ్.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఎదుట ఉన్నవాళ్లు ఎత్తులో, బరువులో పెద్దవాళ్లు, కాళ్లకు బూట్లు. "మన శరీరాలు ఇంతే" అని చేతులెత్తేయడానికి అంతకంటే మంచి సాకు ఉండదు. రహీం సాకు వెతకలేదు. పెద్ద శరీరం గెలిచేది తాకిడిలో కాబట్టి తాకిడే రాకుండా ఆడాలనుకున్నారు. బంతిని కాళ్ల దగ్గర ఉంచుకుని విన్యాసాలు చేస్తే డిఫెండరు వచ్చి పడతాడు. ఒక్క తాకుతోనే పంపేస్తే అతను వచ్చేసరికి అక్కడ బంతి ఉండదు. అందుకని డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు పెట్టారు. వాటంకాని కాలితోనే ఆడాలని ఇంకో రకం పోటీలు పెట్టారు. ఇవి కొత్త కండలు పెంచే పనులు కావు, ఉన్న కండలను వృథా కానివ్వని పనులు.

ఫలితం కళ్లముందే ఉంది. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి వెళ్లి, నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌ను 1-1తో ఆపింది. 1962 జకార్తా ఆసియా క్రీడల తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిన జట్టే, ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఆ కొద్దిరోజుల్లో ఆటగాళ్ల ఎత్తు పెరగలేదు కదా. మారింది ఎవరు ఎక్కడ ఆడాలన్నది. తలకు గాయమై కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందుకు పంపారు. ఫైనల్లో ఒక గోల్ అతనిదే.

ఆ కథలో చేదు పాఠం కూడా ఉంది. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ఆ తరం గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకరు. రోమ్‌లో హంగేరీ మీద గోల్ కొట్టినవాడు. అలాంటివాడు 27 ఏళ్లకే ఆట మానుకోవాల్సి వచ్చింది. కారణం ఊపిరితిత్తుల జబ్బు. ప్రత్యర్థుల భుజబలం ముందు తలవంచని మనిషి ఆరోగ్యం దగ్గర ఆగిపోయాడు. శరీరం తట్టుకోవడమంటే మైదానంలో గంటసేపు జరిగేది మాత్రమే కాదు. మిగతా 23 గంటలూ దానిలో భాగమే.

హాకీలోనూ మనకు ఆనవాళ్లు ఉన్నాయి. హైదరాబాద్ ఆటగాడు ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడింటిలో దేశానికి ఆడాడు. చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ఎతిమరపు రజని భారత మహిళల జట్టు గోల్‌కీపర్ అయింది. దారి లేదని ఎవరైనా అంటే ఈ రెండు పేర్లు చెప్పండి.

ఎత్తు అడ్డమొచ్చే చోట్లు

అన్నీ అనుకూలంగానే చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. హాకీ గోల్ వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. దాన్ని కాపాడేవాళ్లకు చేతులు, కాళ్లు పొడవుగా ఉంటే కలిసొస్తుంది. పెనాల్టీ కార్నర్‌లో డ్రాగ్ ఫ్లిక్ కొట్టేవాళ్లకు పొడవాటి అవయవాలు అదనపు వేగం ఇస్తాయి. వెనక వరుస మధ్యలో ఆడే డిఫెండర్‌కు స్టిక్ ఎంత దూరం చాపగలడన్నది ముఖ్యం. మీది చిన్న శరీరమై, మీ మనసు ఈ మూడు చోట్ల మీదే ఉంటే ఎక్కువ చెమటోడ్చాలి. లేదా స్థానం మార్చుకోవాలి. మధ్య వరుస, వింగ్, లోపలి ఫార్వర్డ్ స్థానాలు మీకోసమే ఉన్నట్టుంటాయి.

బ్యాడ్మింటన్‌లో మనం దీన్ని కళ్లారా చూశాం. 2017 గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. మన సింధు దాదాపు ఆరడుగుల మనిషి. ఎదుట నొజోమి ఒకుహారా, అయిదడుగుల పైన కొద్ది అంగుళాలు. 110 నిమిషాలు సాగిన పోరులో గెలిచింది ఒకుహారా. సింధు ఎత్తు ఆమెకు మేలు చేయలేదని కాదు, అదే ఎత్తుతో 2019లో ప్రపంచ చాంపియన్ అయింది. ఆ రోజు ఒకుహారా తన శరీరానికి తగ్గ ఆట ఆడింది, ప్రతి షటిల్‌నూ వెనక్కి పంపింది. సింధులా ఆడబోయి ఉంటే ఓడిపోయేది.

శరీరాలు గుద్దుకునే ఐస్ హాకీలోనే మార్టిన్ సెయింట్ లూయీ అనే కెనడా ఆటగాడు అయిదడుగుల ఎనిమిదంగుళాలతో వచ్చాడు. ఆ లీగ్‌లో అది పొట్టి కిందే లెక్క. డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు. 2004లో అతని జట్టు స్టాన్లీ కప్ గెలిచింది, లీగ్ ఉత్తమ ఆటగాడి ట్రోఫీ అతనికే వచ్చింది. 2018లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అక్కడే సాధ్యమైనది, నెట్టడమే ఫౌల్ అయిన మన ఆటలో అసాధ్యం ఎలా అవుతుంది?

చిన్నతనం వేరు, నీరసం వేరు

ఇప్పుడు అసలు మాటకి వద్దాం. హర్యానాలోని షాహాబాద్‌లో బండి లాగే తండ్రికి పుట్టిన రాణీ రాంపాల్‌ను మొదట కోచ్ చేర్చుకోనన్నారు. కారణం పోషణ లేని బక్క శరీరం. శిక్షణకు వచ్చే పిల్లలు రోజూ అర లీటరు పాలు తెచ్చుకోవాలి. ఇంట్లో 200 మిల్లీలీటర్లకే డబ్బులుండేవి. అందులో నీళ్లు కలిపి తాగేదాన్నని ఆమే తర్వాత చెప్పింది. ఆ అమ్మాయే టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టుకు కెప్టెన్. కోచ్ చూసిన లోపం నిజమైనదే. అయితే అది గిన్నెలో ఉన్న లోపం, ఎముకల్లో ఉన్నది కాదు. గిన్నె నిండితే సరిపోయేది.

మన సంగతి చూసుకోండి. పొద్దున ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. మధ్యాహ్నం కాలేజీ దగ్గర ఏదో ఒకటి. సాయంత్రం ప్రాక్టీస్, రాత్రి పదకొండుకి బిర్యానీ, ఒంటిగంట దాకా ఫోన్. ఈ దినచర్యతో ఆరడుగుల మనిషైనా మూడో క్వార్టర్‌లో కూలబడతాడు.

క్రీడాకారులకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ కావాలన్నది పోషకాహార నిపుణులు సాధారణంగా చెప్పే లెక్క. 58 కిలోల మీకు అది సుమారు 70 నుంచి 116 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది. కాబట్టి రోజుకో గుడ్డు తిని బలం వస్తుందనుకోవడం భ్రమ. గుడ్లు, పప్పు, పెరుగు, శనగలు, చికెన్, పల్లీలు ఇవన్నీ పూటపూటకూ పంచుకుని తినాలి. పౌడర్ డబ్బాల కోసం అప్పు చేయక్కర్లేదు.

రెండోది బరువులు ఎత్తడం. "చిన్నవయసులో బరువులెత్తితే పొట్టిగా ఉండిపోతారు" అని ఇప్పటికీ అంటుంటారు. తెలిసినవాళ్ల పర్యవేక్షణలో సరైన పద్ధతిలో చేస్తే అలాంటిదేం జరగదు. చిన్న శరీరం ఉన్నవాళ్లకే దీని అవసరం ఎక్కువ. అయితే అద్దంలో కనిపించే చేతి కండలు మీకు పెద్దగా పనికిరావు. తొడలు, పిరుదులు, నడుము, మడమలు గట్టిపడాలి. తాకిడిలో మిమ్మల్ని నిలబెట్టేవి అవే, మోకాలిని కాపాడేవీ అవే. మూడోది నిద్ర. ఎనిమిది గంటలు. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా అందరూ ఎగ్గొట్టేది దీన్నే.

అసలు అడ్డం ఎక్కడుంది?

పాతబస్తీ పిల్లలకు ఎత్తు కంటే పెద్ద అడ్డం ఇంకొకటుంది. దూరం. ప్రొఫెషనల్ హాకీ అంతా కృత్రిమ మైదానం మీదే. నగరంలో అలాంటి హాకీ మైదానం గచ్చిబౌలిలో ఉంది. చార్మినార్ నుంచి సుమారు 20 కిలోమీటర్లు. మెట్రో చార్మినార్‌కూ రాలేదు, గచ్చిబౌలికీ పోలేదు. ఎంజీబీఎస్‌లో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, అక్కడి నుంచి ఆటో. స్టిక్ సంచీ భుజాన వేసుకుని పోనూ రానూ రెండు మూడు గంటలు దారిలోనే పోతాయి. మట్టి నేల మీద నేర్చిన ఆటగాడు టర్ఫ్ మీదకు మొదటిసారి సెలెక్షన్స్ రోజునే దిగితే బంతి వేగానికి తడబడతాడు. చూసేవాళ్లు "తట్టుకోలేకపోయాడు" అని రాసుకుంటారు. తప్పు మైదానానిది, మచ్చ శరీరానికి.

వయసు సంగతి కూడా ఇలాంటిదే. 13, 14 ఏళ్లకు కొందరికి మీసాలొస్తాయి, కొందరు చిన్నపిల్లల్లాగే ఉంటారు. సెలెక్టర్ కళ్లకు ముందు పెరిగినవాడు ప్రతిభావంతుడిలా కనిపిస్తాడు. ఆలస్యంగా పెరిగేవాడు 18 ఏళ్లకు అందుకునేలోపే జట్టులోంచి పోయి ఉంటాడు. ఎంపికల్లో యోయో స్కోరు, 20 మీటర్ల పరుగు సమయం, పదేపదే పరుగెత్తించే పరీక్షల ఫలితాలు నోటీసు బోర్డు మీద పెడితే ఈ అన్యాయం చాలావరకు తగ్గుతుంది. జిల్లా సంఘాలు, యూనివర్సిటీలు దీనికి కొత్తగా నిధులేం అడగక్కర్లేదు. ఒక స్టాప్‌వాచ్, నాలుగు కోన్లు, ఒక కాగితం చాలు. ఎవరిని ఎందుకు తీసేశారో కాగితం మీద ఉండాలని అడిగే హక్కు మీకుంది.

ఉద్యోగం మాటేమిటి?

ఈ పేజీ చదివేవాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. హాకీ ఇండియా లీగ్ 2024-25లో మళ్లీ మొదలైంది. హర్మన్‌ప్రీత్ సింగ్ 78 లక్షలు పలికాడు. హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్లింది. వినడానికి బాగుంది. కానీ ఆ సీజన్‌లో పురుషుల విభాగంలో ఎనిమిది జట్లు, జట్టుకు 24 మంది, అందులో ఎనిమిది మంది విదేశీయులు. అంటే దేశం మొత్తం మీద మనవాళ్లకు అప్పుడు దొరికిన చోట్లు సుమారు 128. అప్పటి వేలంలో కనీస ధర 2 లక్షలు. దాన్ని పన్నెండు నెలలకు పంచితే నెలకు 17 వేలు కూడా రాదు. హైదరాబాద్ పేరున్న ఆ జట్టు ఆ సీజన్ మ్యాచ్‌లు ఆడింది కూడా హైదరాబాద్‌లో కాదు. లీగ్ మీద ఆశ పెట్టుకోండి, ఇల్లు మాత్రం కట్టుకోకండి.

రహీం కాలంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ వెలగడానికి కారణం ఒకటి గమనించారా? జట్టు పేరులోనే ఉంది, సిటీ పోలీస్. ఆటగాళ్లకు ఉద్యోగం ఉంది. ఇప్పటికీ ఆట తిండి పెట్టేది ఆ దారిలోనే. రైల్వేలు, ప్రభుత్వ రంగ సంస్థలు, కేంద్ర ప్రభుత్వ విభాగాలు స్పోర్ట్స్ కోటాలో నియామకాలు చేస్తాయి. దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం మన సికింద్రాబాద్‌లోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం జాతీయ పోటీల్లో రాష్ట్రానికి ఆడినవాళ్లే కాదు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీకి ఆడినవాళ్లు కూడా అర్హులు. చాలామందికి ఈ సంగతి తెలియక సర్టిఫికెట్‌ను బీరువాలో పడేస్తారు. అంతర్జాతీయ స్థాయికి ఫారం 1, జాతీయ స్థాయికి ఫారం 2, యూనివర్సిటీ స్థాయికి ఫారం 3, స్కూలు స్థాయికి ఫారం 4 ఉంటాయి. కాలేజీ వదలకముందే సంతకం, ముద్ర వేయించి పెట్టుకోండి. డిగ్రీ అయిపోయాక ఆ సంతకం కోసం తిరగడం అన్నిటికంటే అలసిపోయే పరుగు.

ఒక చోట మాత్రం ఎత్తు నిజంగానే గోడ. తెలంగాణ కానిస్టేబుల్, ఎస్సై నియామకాల్లో పురుషులకు సాధారణంగా అడిగేది 167.6 సెంటీమీటర్లు, మహిళలకు 152.5. ఆట మిమ్మల్ని తీసుకున్నా టేపు తీసుకోకపోవచ్చు. 2024లో నిఖత్ జరీన్, సిరాజ్ డీఎస్పీలు కావడం చూసి అందరికీ అదే దారి అనుకోవద్దు. మీ ఎత్తు ఇంతకంటే తక్కువైతే పోలీసు నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూడకుండా ఇప్పుడే రైల్వే, బ్యాంకు, కేంద్ర విభాగాల వైపు తిరగండి.

ఆటతో అన్నం తినడానికి ఆడటం ఒక్కటే మార్గమని కూడా లేదు. పాటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ కోచింగ్ డిప్లొమా ఇస్తుంది. ఫిజియోథెరపీ, ఫిట్‌నెస్ శిక్షణ, వీడియో అనలిస్ట్ పనులు ఉన్నాయి. ఇప్పుడు ఆటగాళ్లు జెర్సీ లోపల జీపీఎస్ పరికరం పెట్టుకుని ఆడుతున్నారు. ఎవరు ఎంత దూరం పరుగెత్తారు, ఎన్నిసార్లు వేగం అందుకున్నారు అన్నీ అంకెల్లో వస్తాయి. ఆ అంకెలను చదవడానికి కోడింగ్ తెలిసి, ఆట కూడా తెలిసిన మనుషులు కావాలి. బీటెక్ చేస్తూ హాకీ ఆడేవాళ్లు ఈ రెండింటినీ కలుపుకోవచ్చు.

ఒక ఏడాది పెట్టుకోండి

"ఎప్పటికైనా" అనే మాట పక్కనపెట్టి పన్నెండు నెలల గడువు పెట్టుకోండి. ఒక నోటుపుస్తకంలో నెలకోసారి అయిదు అంకెలు రాయండి. యోయో స్థాయి. 20 మీటర్ల పరుగు సమయం. విరామంతో పదిసార్లు పరుగెత్తినప్పుడు మొదటి పరుగుకూ చివరిదానికీ తేడా. మీ బరువుతో పోలిస్తే ఎంత బరువుతో స్క్వాట్ చేయగలరు. గాయం వల్ల ఎన్ని రోజులు ప్రాక్టీస్ పోయింది. ఎత్తు రాయక్కర్లేదు, అది మారదు.

ఆరు నెలలకు మొదటి నాలుగూ మెరుగుపడుతూ, అయిదోది తగ్గుతూ ఉంటే మీ శరీరం ఆటను తట్టుకుంటోందని అర్థం. యూనివర్సిటీ జట్టు, ఆ తర్వాత రాష్ట్ర జట్టు లక్ష్యంగా పెట్టుకుని ఆడండి. బాగా తిని, నిద్రపోయి, శిక్షణ చేసి కూడా అంకెలు కదలకపోతే, గాయాలు మాత్రం పెరుగుతుంటే, అది కూడా జవాబే. పోటీ పరీక్షల పుస్తకం తీయండి, ఆదివారాలు ఆడుకోండి. అందులో చిన్నతనమేమీ లేదు. ఏడాది పొడవునా రోజుకు రెండు గంటలు చదువు ఆపకుండా ఉంటే ఆ రోజున చేతులు ఖాళీగా ఉండవు.

ఈసారి ఎవరైనా "బాడీ లేదు" అంటే బాధపడుతూ ఇంటికి రాకండి. "ఏ పరీక్షలో తగ్గాను, ఎంత తగ్గాను?" అని అడగండి. వాళ్ల దగ్గర అంకె ఉంటే రాసుకుని వచ్చి దాని మీద పనిచేయండి. అంకె లేకపోతే అది వాళ్ల అభిప్రాయం. మీ నోటుపుస్తకం తీసి చూపించండి.